సేవకూ ఉంది మోతాదు

రిటైరయ్యాక రోజులెలా గడుస్తాయన్నది చాలామంది దిగులు. చర్చితో, పిల్లలతో, మనవలతో అల్లుకుపోయిన దంపతులకు ఆ దిగులు ఉండదు. వారికి రోజే సరిపోదు! ఆ తీరిక లేకపోవడమే వారికి సగం ఆరోగ్యం. అయితే అందరినీ చూసుకునే తొందరలో తమ షుగరు మాత్రను, మోకాలి నొప్పిని, మందగిస్తున్న వినికిడిని వెనక్కి నెట్టేస్తుంటారు. మీరూ అలాంటి జంటే అయితే, లేదా మీ ఇంట్లో అలాంటి అమ్మానాన్నలుంటే ఈ కథనం మీ కోసమే.

గుంటూరులో ఒక ఇంటిని ఊహించుకోండి. ఆయన టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ నర్సు. చర్చిలో అందరికీ ఆయన మాస్టారు, ఆవిడ సిస్టరమ్మ. ఆ ఊళ్లో ఇలాంటి జంటలు కొత్తేమీ కాదు. 1842లో అక్కడ లూథరన్ మిషన్ మొదలైనప్పటి నుంచి చర్చి, బడి, ఆ తర్వాత ఆసుపత్రి ఒకదాని పక్కన ఒకటి పెరిగాయి. టీచరు, నర్సు ఉద్యోగాలు ఎన్నో కుటుంబాల్లో తరతరాలుగా వస్తున్నాయి.

వాళ్ల వారం ఎలా ఉంటుందో చూడండి. తెల్లవారుజామున లేచి ప్రార్థన. ఏడున్నరకు మనవరాలిని స్కూలు బస్సు ఎక్కించాలి. కూతురు ఆఫీసు నుంచి వచ్చేదాకా రెండేళ్ల మనవడు వీళ్ల దగ్గరే. బుధవారం స్త్రీల కూడిక. శుక్రవారం ఉపవాస ప్రార్థన. శనివారం సాయంత్రం గాయక బృందం సాధన. ఆదివారం ఉదయం సండే స్కూలు, ఆపైన ఆరాధన. ఈ మధ్యలో ఎవరో ఆసుపత్రిలో ఉంటే పరామర్శ, ఎవరింట్లోనో గృహ ప్రార్థన, ఎవరో పోతే భూస్థాపన. ఇద్దరి వయసూ అరవై ఎనిమిది పైమాటే. ‘ఎలా ఉన్నారు మాస్టారూ?’ అని అడిగితే ‘దేవుని దయవల్ల బాగున్నాం’ అంటారు. అది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.

మేలు నిజమే

ముందు మంచి సంగతి చెప్పుకుందాం. నలుగురితో కలిసి ఉండటం ఒంటికీ మంచిదే. అమెరికాలో 74 వేల మందికి పైగా మహిళా నర్సులను 16 ఏళ్ల పాటు గమనించి, 2016లో ఒక అధ్యయనం వెలువరించారు. ఆరాధనలకు అసలు వెళ్లనివారితో పోలిస్తే, వారానికి ఒకసారి కంటే ఎక్కువ వెళ్లేవారిలో ఆ కాలంలో మరణాలు మూడో వంతు తక్కువగా కనిపించాయి. వాళ్లలో పొగతాగే అలవాటు, కుంగుబాటు తక్కువ. అండగా నిలిచే మనుషులు ఎక్కువ. ఆ తేడాకు కొంతవరకూ ఇవే కారణాలు. ఇలాంటి పరిశీలన వల్ల చర్చికి వెళ్లడమే ఆయుష్షు పెంచుతుందని రుజువు కాదు. భజన మండలి, మసీదు, వాకింగ్ మిత్రుల బృందం... మనిషి నలుగురిలో ఉండే చోటు ఏదైనా దాని విలువ దానికుంది.

మనవల సంగతీ అంతే. జర్మనీలోని బెర్లిన్‌లో 70 ఏళ్లు దాటిన 500 మందికి పైగా వృద్ధులపై చేసిన పరిశీలనలో, అప్పుడప్పుడూ మనవలను చూసుకునేవారు చూసుకోనివారి కంటే ఎక్కువ కాలం జీవించినట్టు తేలింది. అయితే ఇక్కడ ‘అప్పుడప్పుడూ’ అన్న మాటను గీత గీసుకోండి. పిల్లల పెంపకం భారమంతా మోస్తున్నవారు ఆ లెక్కలో లేరు.

అంటే సేవ కూడా మందులాంటిదే. మందుకు ఉన్నట్టే దానికీ మోతాదు ఉంటుంది. ఆ మోతాదు ఎక్కడ దాటుతోందో ఈ జంట వారం వెంటే వెళ్లి చూద్దాం.

శుక్రవారం మధ్యాహ్నం

సిస్టరమ్మకు పన్నెండేళ్లుగా షుగరు. ఉదయం గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుంటారు. ఉపవాస ప్రార్థన రోజు కూడా అలవాటుగా వేసుకున్నారు. టిఫిన్ తినలేదు. మధ్యాహ్నం ఒకటిన్నరకు కళ్లు మూసుకుని, తల వాల్చి కూర్చున్నారు. నుదుటి మీద చెమట. పక్కనున్నవారు ప్రార్థనలో లీనమయ్యారనుకున్నారు. తీసుకెళ్లడానికి వచ్చిన మాస్టారు పలకరిస్తే పొంతన లేని జవాబు చెప్పారు. ఆయనకు అనుమానం వచ్చింది. గ్లూకోమీటరుతో చూస్తే 48. ఉద్యోగంలో ఉండగా ఎంతమంది రోగులకో ఆవిడ చెప్పిన జాగ్రత్తే ఇది. తన దాకా వచ్చేసరికి ‘ఒక్క రోజేగా’ అనుకున్నారు.

రక్తంలో గ్లూకోజు 70 కంటే తగ్గితే దాన్ని షుగరు పడిపోవడంగా భావించాలి. చెమట, వణుకు, గుండెదడ, ఆకలి మామూలు లక్షణాలు. పెద్ద వయసులో ఇవి కనిపించకుండా నేరుగా తికమక, మత్తు, తూలు రావొచ్చు. బీపీకో గుండెకో బీటా బ్లాకర్ మందులు వాడేవారికి గుండెదడ తెలియకపోవచ్చు. అందుకే పక్కనున్నవారు కనిపెట్టడం ముఖ్యం.

అన్ని షుగరు మందులతోనూ ఒకే ముప్పు ఉండదు. ఇన్సులిన్‌తో, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ రకం మాత్రలతో తిండి మానితే షుగరు పడిపోయే అవకాశం ఎక్కువ. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ భయం తక్కువ. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి వాడుతూ నీళ్లు కూడా తాగకుండా ఉంటే ఒంట్లో నీరు తగ్గుతుంది. కొందరిలో రక్తంలో కీటోన్లు పెరిగి ప్రమాదం కావొచ్చు.

కాబట్టి ఉపవాసం ఉండాలనుకుంటే వారం పది రోజుల ముందే డాక్టరును కలవండి. ఏ మాత్ర మానాలో, ఏది తగ్గించాలో, ఏది రాత్రికి మార్చుకోవాలో ఆయన చెబుతారు. సొంతంగా మానకండి, సొంతంగా వేసుకోకండి. నలభై రోజుల శ్రమల దినాలు మొదలయ్యే ముందు ఇది మరీ అవసరం. కార్తిక సోమవారాలు ఉండేవారికైనా, రంజాన్ రోజాలు పాటించేవారికైనా ఇదే మాట. ఉపవాసం రోజున గ్లూకోమీటరు చేతిసంచిలో ఉండాలి. షుగరు 70 కంటే తగ్గినా, 300 దాటినా ఉపవాసం అక్కడితో ఆపేయాలి. ఇటీవలే షుగరు పడిపోయినవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, రోజుకు రెండు మూడుసార్లు ఇన్సులిన్ తీసుకునేవారు ఉపవాసం ఆలోచన పెట్టుకోకపోవడమే మంచిది. మీ పాస్టరుగారితో ఒక మాట చెప్పి చూడండి. తిండికి బదులు టీవీనో ఫోనునో మానుకుని ఆ సమయం ప్రార్థనకు ఇవ్వొచ్చు.

ఆదివారం ఉదయం

ఆరాధన రెండు మూడు గంటలు సాగుతుంది. సంస్కారం ఇచ్చే ఆదివారమైతే ఇంకా ఆలస్యం. మధ్యలో బాత్రూమ్‌కు లేవాల్సి వస్తుందని చాలామంది పెద్దలు ఆ ఉదయం రెండు పనులు చేస్తారు. మంచినీళ్లు తాగరు. బీపీకో కాళ్ల వాపుకో ఇచ్చిన నీళ్ల మాత్ర వేసుకోరు. వారానికి ఒక రోజు కదా అనిపిస్తుంది. కానీ గుండె బలహీనంగా ఉన్నవారికి ఆ ఒక్క రోజూ ఆయాసం తెచ్చిపెట్టొచ్చు. ఇందుకు తేలికైన దారి ఉంది. ‘ఆదివారం ఈ మాత్ర ఇంటికొచ్చాక వేసుకోవచ్చా?’ అని డాక్టరును అడగండి. చాలామందికి వేళ మార్చుకోవడం కుదురుతుంది. బయటికి వెళ్లడానికి దగ్గరగా, వరుస చివర్లో కూర్చుంటే సగం ఇబ్బంది అక్కడే తీరుతుంది.

ఇంకొకటి. మోకరించి ప్రార్థించి, వెంటనే పాటకు లేచి నిలబడతాం. బీపీ మందులు, ప్రోస్టేట్ మందులు వాడేవారికి ఆ క్షణంలో బీపీ తగ్గి కళ్లు తిరగొచ్చు. ఈ వయసులో ఒక్క పాటు తుంటి ఎముకను విరిచి మంచాన పడేయగలదు. కాబట్టి మెల్లగా లేవండి. ముందు బెంచీ పట్టుకుని ఒక నిమిషం ఆగండి. ఇంట్లో కూర్చున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు మరోసారి బీపీ చూసుకోండి. పై అంకె 20 లేదా అంతకంటే ఎక్కువ తగ్గితే డాక్టరుకు చెప్పండి. మందుల మోతాదు సరిచూస్తారు. మోకాళ్లు అరిగినవారు కుర్చీలో కూర్చుని తల వంచినా ప్రార్థన ప్రార్థనే.

డిసెంబరు 31 రాత్రి కూడికకూ, ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లడానికీ ఇదే సూత్రం. రాత్రి మందు, రాత్రి భోజనం ఎన్నింటికో ముందే అనుకోండి. పన్నెండింటికి కేకు తింటూ ఇన్సులిన్ సంగతి గుర్తు చేసుకోవడం కాదు. చీకట్లో నడిచేటప్పుడు చేతిలో టార్చి, కాళ్లకు జారని చెప్పులు ఉండాలి.

మాస్టారు పాడటం ఎందుకు మానేశారు?

మాస్టారిది మంచి గొంతు. ముప్ఫై ఏళ్లుగా గాయక బృందంలో ఉన్నారు. ఏడాదిగా సాధనకు వెళ్లడం తగ్గించారు. ‘పిల్లలు పాడుకోనీ’ అంటున్నారు. వాక్య పఠనానికి పిలిచినా మరొకరిని పంపుతున్నారు. ఇంట్లో టీవీ సౌండు పెరిగింది. ‘ఏమండీ, ఎన్నిసార్లు పిలవాలి?’ అని సిస్టరమ్మ విసుక్కోవడమూ పెరిగింది. ఆవిడకు అది నిర్లక్ష్యంలా తోచింది. నిజానికి ఆయనకు వినపడటం లేదు.

వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందుగా సన్నని శబ్దాలు పోతాయి. మాట వినిపిస్తుంది. అందులో స, త, క వంటి అక్షరాలు స్పష్టంగా తెలియవు. ఫ్యాన్ల మోత, స్పీకర్ల ప్రతిధ్వని ఉన్న పెద్ద హాల్లో ఇది మరింత కష్టం. తప్పుగా వింటే నలుగురూ నవ్వుతారని మనిషి మెల్లగా వెనక్కి తగ్గుతాడు. అసలు నష్టం అక్కడే. మతిమరుపు జబ్బుపై 2024లో వెలువడిన లాన్సెట్ కమిషన్ నివేదిక మనం సరిదిద్దుకోగల 14 ముప్పు కారణాలను చెప్పింది. వాటిలో వినికిడి లోపం ఒకటి, నలుగురికీ దూరమవడం మరొకటి. మాస్టారి విషయంలో మొదటిది రెండోదాన్ని వెంటపెట్టుకొస్తోంది.

ముందు చెవిలో గులిమి ఉందేమో ఈఎన్‌టీ డాక్టరుతో చూపించుకోండి. తర్వాత ఆడియోమెట్రీ పరీక్ష. మిషన్ పెట్టుకోవాలంటే వెనకాడకండి. మొదట్లో పళ్లేల చప్పుడు కూడా గోలగా అనిపిస్తుంది. మెదడు అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. రెండు రోజులు చూసి బీరువాలో దాచేయకండి. చర్చిలో స్పీకరుకు దూరంగా, మాట్లాడేవారి ముఖం కనిపించేలా ముందు వరుసలో కూర్చోండి. ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోతే మాత్రం ఆలస్యం చేయొద్దు. అదే రోజు డాక్టరును కలవాలి. త్వరగా చికిత్స మొదలుపెడితేనే వినికిడి తిరిగొచ్చే అవకాశం బాగుంటుంది.

చంకలో మనవడు

రెండేళ్ల పిల్లాడు సుమారు 12 కిలోలుంటాడు. అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలో దాదాపు సగం. రోజుకు ఇరవైసార్లు ఎత్తి దించితే నడుముకు ఎంత పనో ఆలోచించండి. ఎముకలు గుల్లబారిన మహిళల్లో ముందుకు వంగి బరువెత్తినప్పుడు వెన్నుపూస నొక్కుకుపోయి విరగొచ్చు. పిల్లాణ్ని ముందు సోఫా ఎక్కమనండి. అక్కడి నుంచి దగ్గరికి హత్తుకుని ఎత్తుకోండి. నేల మీద నుంచి ఎత్తక తప్పకపోతే నడుము కాకుండా మోకాళ్లు వంచండి. మోకాళ్లు సహకరించకపోతే ఎత్తనే వద్దు. కింద కూర్చుని ఒళ్లోకి రమ్మంటే పిల్లలు సంతోషంగా వస్తారు.

పనితో వ్యాయామం అయిపోతోందనుకోవద్దు. 65 ఏళ్లు దాటినవారికి వారానికి కనీసం 150 నిమిషాల నడక వంటి శ్రమ, రెండు రోజులు కండరాల బలానికి, మూడు రోజులు ఒంటి నిలకడకు వ్యాయామాలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. వీటికి జిమ్ అక్కర్లేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవడం, గోడ పక్కన ఒంటి కాలి మీద పది సెకన్లు నిలబడటంతో మొదలుపెట్టొచ్చు.

బడికెళ్లే పిల్లలు జలుబు, జ్వరాలు మోసుకొస్తారు. మీరేమో ఆసుపత్రుల్లో పరామర్శలకు వెళతారు. ఏటా ఫ్లూ టీకా, డాక్టరు సలహాతో న్యుమోనియా టీకా వేయించుకోండి. వార్డులోకి వెళ్లేటప్పుడు మాస్కు, బయటికొచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోవడం మరవద్దు.

దిగులు విశ్వాస లోపం కాదు

పెద్దలైన జంటలు ఒక విషయం బయటికి చెప్పుకోరు. తోటివారి భూస్థాపనలకు వెళ్లి వెళ్లి మనసు బరువెక్కుతుంది. నిన్నటిదాకా పక్కన కూర్చున్న మనిషి చోటు ఖాళీ అవుతుంది. అందరినీ ఓదార్చే పెద్దమనిషి తన బాధ ఎవరికి చెప్పుకోవాలి? రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోవడం ఉంటే అది కుంగుబాటు కావొచ్చు. ‘ఇంత ప్రార్థన చేస్తున్నా దిగులేమిటి?’ అని మిమ్మల్ని మీరు నిందించుకోకండి. థైరాయిడ్ తగ్గితే మాత్ర వేసుకోమా? ఇదీ అంతే. చికిత్స ఉంది. టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే ఏ వేళనైనా మాట్లాడేవారుంటారు. పెద్దల సమస్యలకు 14567 హెల్ప్‌లైన్ ఉంది.

ఒకరి పని ఇద్దరికీ రావాలి

చాలా ఇళ్లలో బ్యాంకు, ఏటీఎం, పింఛను కాగితాలు ఆయనకే తెలుస్తాయి. స్టవ్వు, సరుకులు, మాత్రల డబ్బా ఆవిడకే తెలుస్తాయి. ఇద్దరిలో ఒకరు ఆసుపత్రిలో చేరితే రెండోవారు ఇంట్లోనే దారి తప్పినవారవుతారు. తలచుకోవడానికే కష్టమైన మాట. అయినా ఇద్దరూ బాగున్నప్పుడే మాట్లాడుకోవాలి. వారానికి ఒక పూట ఆయన వంట చేయాలి. నెలకోసారి ఆవిడ ఏటీఎంకు వెళ్లాలి. ఇద్దరి మందుల పేర్లు, మోతాదులు, పడని మందులు ఒకే కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. 70 ఏళ్లు నిండితే ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోవచ్చు. దీనితో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకూ ఆసుపత్రి చికిత్సకు వర్తిస్తుంది. అవసరం రాకముందే తీసి పెట్టుకోండి.

పిల్లలకు ఒక మాట

‘అమ్మకు మనవడంటే ప్రాణం. ఆవిడకేం కష్టం?’ అనుకోవడం తేలిక. ప్రాణమే. అందుకే కాదనలేరు. కాబట్టి అడగాల్సింది మీరే. వారంలో ఒక రోజు పూర్తిగా వాళ్లకే వదలండి. ఆ రోజు పిల్లాణ్ని మీరే చూసుకోండి. ఫోన్లో ‘బాగున్నారా?’ అనడిగితే బాగున్నామనే అంటారు. ‘ఈ వారం షుగరు ఎంతుంది? అమ్మా, మోకాలు ఎలా ఉంది? నాన్నా, ఆదివారం పాట పాడావా?’ అని అడగండి. అప్పుడు అసలు జవాబు వస్తుంది.

మాస్టారు, సిస్టరమ్మ ఇప్పుడు క్యాలెండరు మీద ఒక కొత్త అలవాటు మొదలుపెట్టారు. చర్చి పనులకు నీలం ఇంకు, మనవలకు ఆకుపచ్చ, తమకు ఎరుపు. మొదటి నెల ఎరుపు ఎక్కడా లేదు. రెండో నెల నాలుగు చోట్ల కనిపించింది. ఆవిడకు షుగరు పరీక్ష, ఆయనకు చెవి పరీక్ష, ఒక సాయంత్రం ఇద్దరూ కలిసి నడక, ఒక మధ్యాహ్నం నిద్ర. శుక్రవారం ప్రార్థనకు ఆవిడ ఇప్పటికీ వెళుతున్నారు, టిఫిన్ తిని. ఆయన మిషన్ పెట్టుకుని శనివారం సాధనకు తిరిగి వెళ్లారు. మీ ఇంటి క్యాలెండరు ఒకసారి తీసి చూడండి. అందులో ఎరుపు ఎన్ని చోట్ల ఉంది?

షుగరు పడిపోతే...

* స్పృహలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. లేదా అరగ్లాసు పండ్లరసం ఇవ్వండి. చక్కెర లేని డైట్ పానీయాలు పనికిరావు.
* 15 నిమిషాల తర్వాత మళ్లీ షుగరు చూడండి. ఇంకా 70 కంటే తక్కువుంటే మళ్లీ అంతే ఇవ్వండి.
* కుదుటపడ్డాక ఇడ్లీ, అన్నం, బిస్కెట్లు... ఏదో ఒకటి తినిపించండి.
* గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడుతుంటే కొన్ని గంటల తర్వాత షుగరు మళ్లీ పడిపోవచ్చు. ఒంటరిగా వదలొద్దు. డాక్టరును సంప్రదించండి.
* స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోన్ చేయండి.